వేప పుల్ల మంచిదే, కానీ పాచిని వదిలించేది దాని చేదు కాదు

విజయవాడ నుండి మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెబుతాను. ఆరు నెలల క్రితం మీ ఇంట్లో టూత్‌పేస్టునూ ప్లాస్టిక్ బ్రష్షునూ మానేశారు. ఉదయం వేప పుల్ల, వారానికి మూడు రోజులు నువ్వుల నూనె పుక్కిలింత, రాత్రి పూట బొగ్గు, సైంధవ లవణం, లవంగాలు కలిపి ఇంట్లో నూరిన పొడి వాడుతున్నారు. మీకు బాగానే ఉంది కానీ, మధుమేహం ఉన్న మీ అమ్మగారికి చిగుళ్ళ నుండి రక్తం కారడం తగ్గలేదు, ఆరేళ్ళ మీ బాబుకు వెనక దవడ పన్ను మీద నల్లటి మచ్చ కనిపించింది. ఈ పద్ధతి అందరికీ సరిపోతుందా, వెదురు బ్రష్షు కొంటే పర్యావరణానికి నిజంగా మేలు జరుగుతుందా అన్నవి మీ సందేహాలు.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా దంతవైద్యం చేస్తున్నాను. అంతకు ముందు తెనాలి దగ్గరి పల్లెలో, నాయనమ్మ అరచేతిలో పోసిన కచ్చిక బూడిదతో పళ్ళు తోముకుని పెరిగినవాడిని. చదువు ముగించి వచ్చిన కొత్తలో వేప పుల్ల పేరెత్తిన ప్రతి వారినీ మందలించేవాడిని. జీవితమంతా పుల్లతోనే తోముకున్న కొందరు డెబ్బై ఏళ్ళ రైతుల నోళ్ళు చూశాక అది నా తొందరపాటని తెలిసివచ్చింది. ఇప్పుడు కొత్తగా సహజ పద్ధతులకు మళ్ళినవారి నోళ్ళు చూస్తున్నప్పుడు, అదే తొందరపాటు రెండో వైపు నుండి వస్తోందని అనిపిస్తోంది.

ముందు తేల్చవలసినది తేల్చి చెబుతాను. మీరు చేస్తున్న వాటిలో చాలా భాగం కొనసాగించవచ్చు. బొగ్గు పొడిని మాత్రం ఈ రోజే ఆపేయండి. బాబుకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టును మళ్ళీ మొదలుపెట్టండి. అమ్మగారి విషయంలో ఏ పొడీ, ఏ నూనే చేయలేని పని ఒకటి దంతవైద్యుని కుర్చీలో జరగవలసి ఉంది. కారణాలు తెలిస్తేనే మీరు దీన్ని నమ్మి పాటిస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పాచి అని మనం ఒక్క మాటలో అనేసేది పన్ను మీద గూడు కట్టుకున్న సూక్ష్మజీవుల పొర. అవి తమ చుట్టూ తామే ఒక జిగురును తయారు చేసుకుని అందులో కాపురం ఉంటాయి కనుక పుక్కిలించిన నీటికి కదలవు. పెరట్లోని నీళ్ళ తొట్టి లోపలి గోడకు పట్టిన జారుడు ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా పోదు, కొబ్బరి పీచు పెట్టి రుద్దితే పోతుంది. పాచి సంగతీ అంతే. రుద్దకుండా వదిలిన చోట అది కొద్ది రోజుల్లోనే లాలాజలంలోని కాల్షియం లవణాలను పట్టుకుని గట్టిపడి గారగా మారుతుంది. అందుకే ఎవరు ఏ సాధనాన్ని తెచ్చి చూపినా, అందులో ఎన్ని మూలికలు ఉన్నాయని నేను అడగను. దవడ పన్నుకు అయిదు ముఖాలు ఉంటే అది వాటిలో ఎన్నింటిని తాకుతోందని అడుగుతాను.

వేప పుల్లను ఈ ప్రశ్నతోనే చూడాలి. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో పళ్ళు తోముకునే పుల్ల జానెడు పొడవు, చిటికెన వేలి లావు ఉండాలని చెప్పి, చేదు రుచి గలవాటిలో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ శ్రేష్ఠమని చెప్పారు. మన పల్లెల్లో వేప తరువాత కానుగ పుల్లే ఎక్కువగా వాడడానికి మూలం అంత పాతది. అదే అధ్యాయం గొంతు, అంగిలి, పెదవి, నాలుకలకు జబ్బు చేసినప్పుడు పుల్ల వాడవద్దని కూడా చెప్పింది. ఈ రెండో మాటను ఎవరూ ఉటంకించరు. మరొక హెచ్చరిక కూడా ఇక్కడే చేయాలి. చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో ఇచ్చిన పుల్లల జాబితాలో గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. గన్నేరు గుండెను దెబ్బతీసే విషం గల చెట్టు, జిల్లేడు పాలు కంటికి, నోటికి ప్రమాదకరం. గ్రంథంలో ఉందని చదివి ఎవరూ ఈ రెండింటినీ నోట్లో పెట్టుకోకూడదు.

పుల్లతో తోముకోవడం ఒక పనితనం, అది నేర్చుకోవాలి. అప్పుడే కోసిన లేత పుల్లను కడిగి, ఒక చివర అంగుళం మేర దవడ పళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పుతూ నమలాలి. మూడు నాలుగు నిమిషాలకు నార విడివడి కుంచెలా అవుతుంది. అందులో గట్టి చీలిక ఏదైనా మిగిలితే గోటితో లాగి పారేయాలి, ఎందుకంటే చిగురును చీరేది అదే. ఆ కుంచెను చిగురు అంచున ఆనించి, పై పళ్ళను పైనుండి కిందికి, కింది పళ్ళను కిందినుండి పైకి, ఒక్కొక్క పన్నునూ విడిగా ఊడ్చినట్లు తోమాలి. చాలామంది అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ అరగంట సేపు అడ్డంగా లాగుతారు. అలా లాగితే కోరపళ్ళ దగ్గర చిగురు జారి, వేరు బయటపడి, చల్లటి మంచినీళ్ళు తాగినా జివ్వుమంటుంది. నా ఎడమ కోరపన్ను దగ్గర అలాంటి గాడి ఒకటి ఉంది. అది పుల్ల వల్ల వచ్చినది కాదులెండి, కళాశాల రోజుల్లో గట్టి కుచ్చు ఉన్న బ్రష్షుతో కుడిచేత్తో బలంగా రుద్ది నేను కొనితెచ్చుకున్నది.

ఎంత నేర్పుగా వాడినా పుల్లకు అందని చోట్లు రెండు ఉన్నాయి. కింది దవడ పళ్ళకు నాలుక వైపు ముఖం ఒకటి, పళ్ళకూ పళ్ళకూ మధ్య సందు మరొకటి. పుల్ల తిన్నగా ఉంటుంది, బ్రష్షు కుచ్చు మాత్రం పిడికి అడ్డంగా ఉంటుంది. తేడా అంతా ఈ కోణంలోనే ఉంది. నా మాట నమ్మనవసరం లేదు, ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పుల్లతో తోముకున్న తరువాత ఒక బీట్‌రూట్ ముక్కను బాగా నమిలి ఉమ్మేసి, ఒక్కసారి మాత్రమే నీళ్ళతో పుక్కిలించి, వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. శుభ్రమైన పన్ను రంగును నిలుపుకోదు, పాచి ఉన్న చోట ఎరుపు నిలుస్తుంది. ఒక చిన్న అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుని లోపలి వైపు చూసినవారు సాధారణంగా ఇంకేమీ అడగరు. కాబట్టి ఉదయం పుల్ల, రాత్రి మెత్తటి కుచ్చు బ్రష్షు అన్నది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఏర్పాటు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కనుక రెండింటిలో రాత్రి తోముకోవడమే ముఖ్యమైనది.

మరి వేప చేదు ఏమీ చేయదా అంటే, వేప సారం సూక్ష్మజీవుల ఎదుగుదలను తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో కనిపించిన మాట నిజమే. అయితే నోట్లో ఆ రసం లాలాజలంతో పల్చబడి నిమిషాల్లో ఉమ్ములో పోతుంది. దాన్ని అదనపు లాభంగా తీసుకోండి. వేప నూనెను మాత్రం పుక్కిలించడానికి వాడకండి. ముఖ్యంగా చిన్నపిల్లల కడుపులోకి పోతే అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక పొడుల విషయం, ఇక్కడే నాకు ఎక్కువ భయం. పంటి మీది పింగాణీ మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం, కానీ అరిగితే తిరిగి పెరగదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మూసుకుంటుంది, పింగాణీకి ఆ అవకాశం లేదు, ఎందుకంటే పన్ను నోట్లోకి వచ్చేసరికే దాన్ని తయారు చేసిన కణాలు అంతరించిపోయి ఉంటాయి. కృష్ణా డెల్టాలో ఊక బూడిదతో తోముకునే అలవాటు చాలా ఊళ్ళలో ఉండేది. ఆ బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఇటుక పొడి సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ముందు పళ్ళన్నీ చిగురు దగ్గర, గొడ్డలితో చెట్టు మొదట్లో గంటు పెట్టినట్లు, లోపలికి కోసుకుపోయి ఉన్నాయి. ఒక్క పన్ను కూడా పుచ్చిపోలేదు. నలభై ఏళ్ళు శుభ్రంగానే తోముకున్నారు, తోమిన బూడిదే పళ్ళను తినేసింది.

బొగ్గు స్వతహాగా ఇసుకంత గట్టిది కాకపోయినా, ఇంట్లో రోట్లో నూరినప్పుడు రేణువులు ఎగుడుదిగుడుగా, గరుకుగా ఉంటాయి. కాలిన కర్రలోని బూడిద, మట్టి కూడా కలుస్తాయి. వాడిన కొత్తలో పళ్ళు తెల్లబడ్డాయని సంతోషపడతారు. టీ, తాంబూలాల మరక గీకబడి పోయినందువల్ల వచ్చిన తెలుపు అది. ఏళ్ళ తరబడి వాడితే పింగాణీ పలచబడి, దాని కింద ఉండే పసుపు రంగు దంతధాతువు బయటికి కనిపించి, పళ్ళు మునుపటికన్నా పచ్చగా అవుతాయి. తప్పకుండా పొడే కావాలంటే మెత్తగా వస్త్రగాలితం చేసిన (పలుచటి గుడ్డలో జల్లించిన) సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేటు, ఆధారంగా చేసుకోండి. అది పింగాణీకన్నా మెత్తనిది. రెండు వేళ్ళ మధ్య రాసి చూస్తే ముఖానికి రాసుకునే పౌడరులా జారాలి, రవ్వలా తగిలితే పనికిరాదు. ఉప్పును పొడిలో కలిపి రుద్దడం కన్నా గోరువెచ్చటి గ్లాసు నీటిలో అర చెంచా వేసి పుక్కిలించడం మేలు.

లవంగం గురించి కూడా ఒక మాట. అందులోని యూజినాల్ నొప్పిని తెలియకుండా చేస్తుంది కనుకనే దంతవైద్యులు కూడా దాన్ని వాడతారు. కానీ పంటి నొప్పికి లవంగ నూనెను నేరుగా దూదితో చిగురు మీద పెట్టుకుని రాత్రంతా ఉంచుకున్నవారికి తెల్లారేసరికి ఆ చోట చర్మం తెల్లగా కాలి ఊడిపోయి ఉంటుంది. కొబ్బరి నూనెలో ఒక చుక్క కలిపి, పుచ్చిన గుంటలో మాత్రం, కొద్ది సేపు పెట్టుకోవచ్చు. నొప్పి తగ్గిందని పన్ను బాగయిందనుకోవడం పొరపాటు.

బజారులో కొనే పొడులు వాడేవారికి మరొక సంగతి గుర్తుచేయాలి. పొగాకు కలిపిన పళ్ళపొడులు, పేస్టుల తయారీని మన దేశంలో 1992లోనే నిషేధించారు. అయినా పొగాకును మాడ్చి నూరిన పొడితో తోముకునే ఆడవాళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తారు. పళ్ళు తోముకున్నాక హాయిగా ఉందని చెబుతారు, ఆ హాయి నికోటిన్‌ది. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న మా ఊళ్ళో ఈ మాట గట్టిగా చెప్పడానికి నేను వెనకాడను. వక్కపొడి కూడా అంతే. అందులో పొగాకు లేకపోయినా వక్కనే క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. రోజంతా వక్క నమిలేవారికి బుగ్గలు లోపల బిగుసుకుపోయి, చివరికి నోట్లో రెండు వేళ్ళు పట్టనంతగా మూసుకుపోతుంది.

నూనె పుక్కిలింతకు వస్తాను. ఆయుర్వేదంలో ఇది రెండు విధాలు. నోటి నిండా పట్టి కదపకుండా ఉంచేది గండూషం, కొంచెం పట్టి అటూ ఇటూ తిప్పేది కవళం. నువ్వుల నూనె గండూషం దవడలకు బలాన్ని, స్వరానికి మేలును, పళ్ళకు దార్ఢ్యాన్ని ఇస్తుందని చరకుడు చెప్పాడు. 1990లలో తెలుగునాట పత్రికల ద్వారా ఆయిల్ పుల్లింగ్ అనే పేరుతో ఇది ఇంటింటికీ చేరి, కీళ్ళ నొప్పి నుండి ఉబ్బసం దాకా అన్నిటికీ మందైపోయింది. ఆ ప్రచారంలో చెప్పిన పెద్ద మాటలకు ఆధారం లేదు. ఉమ్మినప్పుడు నూనె తెల్లగా మారడాన్ని శరీరంలోని విషాలు బయటికి వచ్చినట్లు చూపేవారు. నూనె, లాలాజలం కలిసి చిలికితే ఎవరి నోట్లోనైనా అలాగే తెల్లబడుతుంది, మజ్జిగ కవ్వం కింద తెల్లబడినట్లే.

అలాగని అది వృథా పని కూడా కాదు. తోముకోవడంతో పాటు చేస్తే పాచి, చిగుళ్ళ వాపు కొంత తగ్గుతాయని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. నోరు ఎండిపోయే పెద్దవాళ్ళకు హాయినిస్తుంది, పెదవుల పగుళ్ళు తగ్గుతాయి. మీరు కొనసాగించవచ్చు, కానీ ఒక చెంచాకు మించవద్దు, మింగవద్దు, పిల్లల చేత చేయించవద్దు. నిద్రమత్తులో చేస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఉమ్మేటప్పుడు సింకులో ఉమ్మకుండా పాత కాగితం మీద ఉమ్మి చెత్తలో వేయండి, లేకపోతే గొట్టం లోపల అది జిడ్డు కట్టి ఏడాది తిరిగేసరికి ప్లంబరును పిలవవలసి వస్తుంది.

బాబు విషయంలో నేను ఎంతో నొక్కి చెప్పదలచినది ఒకటి ఉంది. ఆరేళ్ళ వయసులో, పాల పళ్ళన్నిటికీ వెనక, ఏ పాల పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. ఊడి వచ్చినది కాదు కనుక తల్లిదండ్రులు దాన్ని పాల పన్నే అనుకుని, ఎలాగూ పోయేదే కదా అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. దాని పైముఖం మీద లోతైన గాడులు ఉంటాయి, పింగాణీ ఇంకా పూర్తిగా పక్వానికి రాదు, పుల్ల అక్కడికి చేరదు. మీరు చూసిన నల్ల మచ్చ చిట్టచివరి పన్ను మీద ఉంటే ఈ వారంలోనే చూపించండి. మరక మాత్రమే అయితే ఆ గాడులను సీలెంటు అనే పూతతో మూసేస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు.

ఫ్లోరైడ్ మీద మీకున్న అనుమానం నాకు తెలుసు, మన ప్రాంతంలో ఆ అనుమానానికి కారణం కూడా ఉంది. కనిగిరి వైపు, పల్నాడులో కొన్ని ఊళ్ళలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై, పళ్ళకు గోధుమరంగు చారలు పడి, ఎముకలు వంగిపోయినవారిని చూసిన కళ్ళు అంత తేలిగ్గా దాన్ని నమ్మవు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని భారతీయ ప్రమాణం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారంటే తెలుగు నేలకు ఈ బాధ ఎంత దగ్గరిదో అర్థమవుతుంది. కానీ అక్కడ జరిగినది రోజూ లీటర్ల కొద్దీ తాగడం. మీరు విజయవాడలో తాగేది కృష్ణ నీరు, లేదా ఆర్వో చేసిన డబ్బా నీరు. ఆర్వో యంత్రం ఉన్న కాస్త ఫ్లోరైడ్‌ను కూడా చాలావరకు తీసేస్తుంది.

తిన్నప్పుడల్లా పాచిలోని సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. నోటిలో పీహెచ్ (ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కన్నా తగ్గితే పింగాణీ కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ పట్టిన పింగాణీ ఇంకా తక్కువ పీహెచ్ వరకు తట్టుకుంటుంది, కరిగిన చోట ఖనిజం తిరిగి చేరడానికి సాయపడుతుంది. వేప, లవంగం, త్రిఫల ఏవీ ఈ పని చేయలేవు. బాబు బ్రష్షు మీద బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపినట్లు కుచ్చు పొడవునా పరచనవసరం లేదు. తోమాక ఉమ్మించండి, వెంటనే నీళ్ళతో పుక్కిలించనివ్వకండి. వాడికి ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి పూట మీరే తోమాలి. సొంతంగా చొక్కా బొత్తాలు సరిగా పెట్టుకోలేని చెయ్యి పళ్ళను సరిగా తోమలేదు.

తీపి మాట వచ్చింది కాబట్టి, సహజం అన్న పదం ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇక్కడే. పంచదార మానేసి బెల్లం, తేనె ఇస్తున్నామని గర్వంగా చెప్పే తల్లులు నా దగ్గరికి వస్తారు. పంటి మీది సూక్ష్మజీవికి ఆ భేదం లేదు. పైగా బెల్లం పాకంతో చేసిన జీళ్ళు, వేరుశెనగ చెక్కీ పంటి గాడుల్లో అతుక్కుని గంటల తరబడి ఉంటాయి. ఎంత తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది పళ్ళకు ముఖ్యం. బందరు లడ్డు భోజనంతో పాటు ఒకటి తింటే నష్టం తక్కువ, దాన్నే చిదుపుకుంటూ సాయంత్రమంతా తింటే ఎక్కువ. నిమ్మకాయ సోడా తాగిన వెంటనే పళ్ళు తోముకోకండి. ఆమ్లానికి మెత్తబడిన పింగాణీ రుద్దితే ఇంకా అరుగుతుంది, అరగంట ఆగాలి.

ఇప్పుడు అమ్మగారు. మధుమేహానికీ చిగుళ్ళ జబ్బుకూ సంబంధం రెండు వైపులా నడుస్తుంది. రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ వాపు ముదురుతుంది, చిగుళ్ళలో చీము, వాపు ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. శరీరమంతటినీ ఒక్కటిగా చూడాలన్న మీ ఆలోచనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. రక్తం ఆగకపోవడానికి కారణం దాదాపుగా చిగురు కింద పేరుకున్న గార. అది సున్నంలా పంటిని పట్టుకుని ఉంటుంది, నూనెకు కరగదు, పుల్లకు రాలదు. దాన్ని పరికరాలతో తీయించవలసిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం ఆవిడకు ఉండవచ్చు. కదిలే పళ్ళను ఇన్నాళ్ళూ గారే ఒక కట్టులా పట్టి ఉంచింది, అది తీసేసరికి లోపల ఎముక ఎంత తరిగిందో బయటపడుతుంది. ఆలస్యం చేసిన కొద్దీ ఆ కట్టు కింద ఎముక ఇంకా తరుగుతుంది. గుంటూరు మిర్చి కారం తినడం వల్లే చిగుళ్ళు పాడయ్యాయని చాలామంది అంటారు. పుండు ఉంటే కారం మండిస్తుంది, పుండును మాత్రం అది తేలేదు.

క్లీనింగ్ అయ్యాక పళ్ళ సందుల కోసం చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షును వాడమనండి. ఉప్పు నీటి పుక్కిలింత రోజుకు రెండుసార్లు చేయవచ్చు. త్రిఫల కషాయం కూడా మంచిదే, పాచి తగ్గించడంలో కొన్ని చిన్న అధ్యయనాల్లో అది బాగానే నిలబడింది, కాకపోతే వగరు వల్ల పళ్ళకు కొంత మరక పడుతుంది. దుగ్గిరాల పసుపును కొంచెం కొబ్బరి నూనెలో కలిపి చిగుళ్ళ మీద మెత్తగా రాసుకుంటే వాపుకు ఉపశమనం ఉంటుంది, దానికీ అభ్యంతరం లేదు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్యశాల, నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల రెండూ ఉన్నాయి. ఆవిడకు ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే రెండు చోట్లా చూపించండి, ఒకరి మందు సంగతి మరొకరికి చెప్పండి.

పర్యావరణం ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. ఒక లెక్క వేసి చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయవాడ నగరంలో సుమారు 10 లక్షల మంది ఉన్నారు. ఒక్కొక్కరు మూడు నెలలకు ఒక బ్రష్షు మారిస్తే ఏడాదికి 40 లక్షల బ్రష్షులు, ఒక్కొక్కటి 15 గ్రాములనుకుంటే 60 టన్నుల ప్లాస్టిక్. అందులో కొంతైనా ఏలూరు కాలువలోకో, బందరు కాలువలోకో చేరకుండా ఉండదు. వెదురు పిడి ఈ బరువులో ఎక్కువ భాగాన్ని తగ్గిస్తుంది. అయితే అమ్మేవాళ్ళు చెప్పని సంగతి, వాటిలో చాలావాటి కుచ్చు నైలాన్‌తోనే చేస్తారు. అరిగిన బ్రష్షును మొక్కల కుండీలో పాతిపెట్టే ముందు పట్టకారుతో కుచ్చంతా పీకి విడిగా చెత్తలో వేయాలి. ఇంకొకటి, మన తేమకు తడి వెదురు అడుగున నల్లగా బూజు పడుతుంది. నీళ్ళు నిలిచే గ్లాసులో కాకుండా గాలి ఆడే చోట నిలబెట్టాలి. తల మాత్రం మార్చుకునే బ్రష్షు దొరికితే అదీ మంచి దారే.

నా దృష్టిలో వీటికన్నా సులువైన లాభాలు రెండు ఉన్నాయి. ఒకటి నాలుక బద్ద. పూర్వం పుల్లను నిలువునా చీల్చి ఆ బద్దతోనే నాలుక గీసుకునేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి ఏటా కొని పారేసే బదులు రాగిదో స్టీలుదో ఒకటి కొంటే మీ మనవల కాలం దాకా ఉంటుంది. రెండోది నీళ్ళు. మా ఇంట్లో కుళాయి కింద బకెట్టు పెట్టి చూశాను, నిమిషానికి ఆరు లీటర్లు వచ్చాయి. కుళాయి వదిలేసి రెండు నిమిషాలు తోముకుంటే పన్నెండు లీటర్లు కాలువ పాలు. నాయనమ్మ ఒక్క చెంబుతో మొహం కూడా కడుక్కునేది.

పుల్లలు కోసేటప్పుడు చెట్టును కూడా చూడండి. 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ వేప చెట్లు కొమ్మల చివర్ల నుండి మాడిపోయి, ఊరి మీద ఏదో అరిష్టం పడ్డట్లు కనిపించాయి. అది శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు, చాలా చెట్లు తరువాత మళ్ళీ చిగిర్చాయి. చేత్తో కొమ్మను విరిచి బెరడు చీల్చితే అటువంటి తెగుళ్ళకు తలుపు తెరిచినట్లే. కత్తితో కణుపు దగ్గర శుభ్రంగా కోయండి, ఒకే చెట్టు మీద పడకండి. మిరప చేల గట్ల మీది వేపను మాత్రం వదిలేయండి. ఆ చేలకు కొట్టినన్ని పురుగుమందులు మా జిల్లాలో మరే పైరుకూ కొట్టరేమో, ఆ తుంపర గట్టు మీది ఆకు మీద, పుల్ల మీద కూడా పడుతుంది.

అమ్మగారిని చూపించడానికి వెళ్ళేటప్పుడు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ నివేదికను, ఆవిడ వేసుకునే మందుల చీటీని వెంట తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపించకండి. ఉదయం టిఫిను, మాత్ర వేళకు పూర్తయ్యాక పది గంటల ప్రాంతంలో సమయం తీసుకుంటే ఆవిడకు నీరసం రాదు.